ఎర్ర రాయి కాగితం మీదికి వచ్చేదాకా

మాన్యుమెంట్ వ్యాలీ పేరు తెలియకపోయినా దాని బొమ్మ చూడనివాళ్లు తక్కువ. చదునైన ఎర్ర నేల, ఆ నేల మీద దేనికది విడిగా నిలబడ్డ రాతి దిబ్బలు, వెనక విశాలమైన ఆకాశం. పాత కౌబాయ్ సినిమాల్లో, క్యాలెండర్లలో, కంప్యూటర్ వాల్‌పేపర్లలో ఎక్కడ చూసినా అదే ఎరుపు భగభగా మండుతూ ఉంటుంది. అది అమెరికాలో, అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో ఉంది. నా ఉద్యోగం అదే అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. అక్కడి నుంచి కారులో ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. నిజం చెప్పాలంటే అక్కడ ఫొటో తీయడం పెద్ద విద్యేమీ కాదు. విజిటర్ సెంటర్ ముందు నిలబడి ఫోన్ ఎత్తినా బాగానే వస్తుంది. నాకు కావాల్సింది వేరు. ఆ ఫొటో గోడకు తగిలించే సైజులో కాగితం మీదికి వచ్చాక కూడా అందులో ఉన్నది రాయి అనిపించాలి, రంగు పూసిన అట్టముక్క అనిపించకూడదు. ఆ ప్రయత్నంలో నాకు తెలిసొచ్చిన సంగతులే ఇవన్నీ.

ముందు రాయి గురించి నాలుగు మాటలు. అది తెలిస్తే ఏ వెలుగు కోసం కాచుకోవాలో తెలుస్తుంది. అక్కడి దిబ్బలన్నీ మూడు అంతస్తులుగా ఉంటాయి. అడుగున ఏటవాలుగా మెట్లుమెట్లుగా కనిపించేది ఆర్గన్ రాక్ షేల్ అనే మెత్తటి పొర. దాని మీద నిలువుగా లేచిన గోడ డి షెల్లీ ఇసుకరాయి, సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి ఇసుక దిబ్బలు గట్టిపడి అయింది. పైన టోపీలా కూర్చున్న గట్టి పొర కింది రాయిని వాన నుంచి కాపాడుతుంది. అడుగున షేల్ అరిగిపోతున్నకొద్దీ పైన ఇసుకరాయికి ఆధారం పోయి, ఉన్న పగుళ్ల వెంట నిలువునా విరిగి పడుతుంది. అందుకే ఆ గోడల మీద గీతలన్నీ నిలువుగా, కింద వాలులో గీతలన్నీ అడ్డంగా ఉంటాయి. ఎరుపంతా ఇనుప తుప్పుదే. గోడల మీద పైనుంచి కిందికి జారిన నల్లటి చారలు కనిపిస్తాయి. వాటిని డెజర్ట్ వార్నిష్ అంటారు, మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు, బంకమట్టి కలిసి రాతి మీద పేరుకున్న పల్చటి పొర. ఆ నల్ల చారలతో ప్రింటు దగ్గర చాలా పని పడింది, ఆ ముచ్చట తర్వాత.

మాది జమ్మలమడుగు వైపు. గండికోట రాళ్లు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఎర్ర రాయి నాకు కొత్త కాదు. వయసులో మాన్యుమెంట్ వ్యాలీ గండికోట ముందు పసిబిడ్డ, మన కడప బేసిన్ రాళ్లకు వంద కోట్ల ఏళ్లు దాటాయి. కానీ గండికోటలో మనం పైన నిలబడి లోయలోకి చూస్తాం. ఇక్కడ నేల మీద నిలబడి దాదాపు వెయ్యి అడుగుల రాయిని తలెత్తి చూడాలి. ఫొటోకి ఈ రెండూ పూర్తిగా వేరు.

అది నేషనల్ పార్కు కాదన్నది వెళ్లేముందే తెలుసుకోవాలి. నవాజో నేషన్ (నవాజో ఆదివాసీల స్వయంపాలన ప్రాంతం) వాళ్లు 1958లో ఏర్పాటు చేసుకున్న ట్రైబల్ పార్కు అది. నేషనల్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. డ్రోన్ ఎగరేయకూడదు, రాళ్లు ఎక్కకూడదు. లోపల 17 మైళ్ల మట్టి రోడ్డు మీద సొంత కారులో తిరగొచ్చు కానీ, ఆ రోడ్డు దాటి పక్కకు పోవాలంటే నవాజో గైడ్ ఉండాల్సిందే. లోయలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వాళ్ల ఇళ్లను, మనుషులను అడగకుండా ఫొటో తీయకూడదు. మనకోసం తీసుకునే ఫొటోలకు ఇబ్బంది లేదు. ప్రింట్లు అమ్ముకోవాలంటే మాత్రం నవాజో నేషన్ అనుమతి తీసుకోవాలి. వాళ్ల నేల, వాళ్ల ఇష్టం. నాకైతే ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ కనబడలేదు.

ఇంకో తిరకాసు టైమ్‌ది. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం ముందుకు జరపదు, నవాజో నేషన్ జరుపుతుంది. కాబట్టి సెప్టెంబర్‌లో ఫీనిక్స్‌లో ఆరైతే అక్కడ ఏడు. ఫోన్‌కి ఏ టవర్ తగిలితే ఆ టైమ్ చూపిస్తుంది. దారిలో కయెంటా అనే ఊరు దాటాక నా ఫోన్ ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ గంతులేసింది. సూర్యుడి కోసం వెళ్లేవాడికి గంట తేడా అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా మారడం ఆపేసి, పార్కు టైమ్ మనమే పెట్టుకోవడం మేలు.

సెప్టెంబర్‌లోనే వెళ్లింది ఎందుకంటే నీడ కోసం. విజిటర్ సెంటర్ ముందు నిలబడితే ఎదురుగా మూడు దిబ్బలు. ఎడమవైపు వెస్ట్ మిటెన్, కాస్త వెనగ్గా ఈస్ట్ మిటెన్, కుడివైపు మెరిక్ బ్యూట్. మిటెన్ అంటే బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే చేతి తొడుగు, ఆ రెండు రాళ్లదీ అదే ఆకారం. ఏడాదిలో రెండు సార్లు, మార్చి చివర్లో, సెప్టెంబర్ మధ్యలో, పొద్దు మునిగే ముందు వెస్ట్ మిటెన్ నీడ సూటిగా వెళ్లి ఈస్ట్ మిటెన్ మీద పడుతుంది. బొటనవేలితో సహా నీడ స్పష్టంగా కనబడుతుంది. సూర్యుడు ఏ రోజు ఏ దిక్కున దిగుతాడో ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో ముందే చూసుకోవచ్చు. మబ్బు పడుతుందో లేదో మాత్రం ఏ యాప్ ఖాయంగా చెప్పదు. అరిజోనాలో వానాకాలం సెప్టెంబర్ ఆఖరుదాకా ఉంటుంది.

ఆ సమయానికి మా నాయన ఊరినుంచి వచ్చి ఉన్నాడు. వెంట తీసుకెళ్లాను. ట్రైపాడ్లు వరసగా పాతుకుని కూర్చున్న జనాన్ని చూసి, "ఏందిరా అబ్బీ, రథోత్సవమా?" అన్నాడు. పడమట మబ్బు గీత ఒకటి వెళ్లకుండా సతాయించింది. చివరి నిమిషాల్లో దాని కిందనుంచి సూర్యుడు బయటికొచ్చాడు, నీడ పడింది, చప్పట్లు కొట్టారు, అందరం తీశాం.

ఇక్కడ కెమెరా సంగతి ఒకటి చెప్పాలి. ఎర్ర రాయి మీద సాయంత్రపు ఎర్ర ఎండ పడినప్పుడు మామూలు హిస్టోగ్రామ్‌ను నమ్మకూడదు. హిస్టోగ్రామ్ అంటే ఫొటోలో ఎంత వెలుగు ఎంత మేర ఉందో కెమెరా చూపించే గ్రాఫు, కుడి అంచు అంటే బాగా వెలుగు. మామూలుది మూడు రంగులూ కలిపిన సగటు లెక్క. అందులో అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది, లోపల ఎరుపు ఛానల్ ఎప్పుడో పొంగిపోయి ఉంటుంది. పొంగిన చోట రాతి గీతలుండవు, ఒకే ముద్దగా ఎరుపు. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించాలి. చూడ్డానికి ఫొటో చీకటిగా ఉంటుంది, పర్లేదు, కెమెరా పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్‌లో పైకి తేవచ్చు. ఆకాశం రంగు చిక్కబరిచే పోలరైజర్ ఫిల్టర్ ఆ సమయంలో తీసేయడమే మంచిది. సూర్యుడు మన వీపు వెనక ఉన్నప్పుడు అది ఆకాశానికి చేసేదేమీ ఉండదు, ఊరికే వెలుగు మింగుతుంది.

గాలి గురించి కూడా. అక్కడి మట్టి ఎర్రటి మెత్తటి పొడి. లెన్స్ మార్చాలంటే కారులో కూర్చుని, అద్దాలెత్తి, ఏసీ ఆపి మార్చాలి. ట్రైపాడ్ కదలకుండా చాలామంది మధ్య కొక్కేనికి బ్యాగు వేలాడదీస్తారు. గాలికి ఆ బ్యాగే ఊగి ట్రైపాడ్‌ను ఊపుతుంది. బ్యాగు అడుగు నేలకు ఆనేలా పట్టీ పొడుగు చేస్తే బరువూ ఉంటుంది, ఊగదు.

నీడ పోయింది, సూర్యుడు దిగిపోయాడు. ఐదు నిమిషాల్లో జనంలో ముప్పాతిక వంతు ఖాళీ. నాయన కూడా, "పొద్దు మునిగినాక ఏముంటాదిరా ఫోటో తీసేదానికి? పా, పోదాం, ఆకలైతాంది" అన్నాడు. కారులో పులిహోర ఉందని చెప్పి పంపించి నేను నిలబడ్డాను. పడమటి ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇప్పుడు సూర్యుడి బదులు ఆ సగం ఆకాశమంతా దీపం. నేరుగా కొట్టే ఎండ లేదు కాబట్టి చిక్కటి నల్ల నీడలూ లేవు. గోడ మీద ప్రతి పగులూ, ప్రతి నల్ల చారా విడివిడిగా కనబడుతోంది. పగుళ్ల లోపల, తూర్పుకు తిరిగిన పక్కల్లో సన్నగా నీలం. ఐఎస్ఓ 100, ఎఫ్/11, షటర్ కొన్ని సెకన్లు. ముందున్న బండకి ఒకసారి, దూరంగా ఉన్న దిబ్బకి ఒకసారి ఫోకస్ చేసి రెండు ఫ్రేములు తీసి, ఇంటికొచ్చాక కలిపాను. ఎఫ్/22 పెడితే, అంటే లెన్స్ కన్నం బాగా చిన్నది చేస్తే, దగ్గరిదీ దూరందీ ఒకే ఫ్రేములో అయిపోతుంది కదా అంటారు. అంత చిన్న కన్నంలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరి మొత్తం బొమ్మే కాస్త మెత్తబడుతుంది. ఇసుకరాయి గరుకుతనం కోసం ఇంత కష్టపడి దాన్ని అక్కడ పోగొట్టుకోవడం దేనికి?

మర్నాడు తెల్లవారకముందే గైడ్‌తో టోటెమ్ పోల్ వైపు వెళ్లాం. సన్నగా, నిటారుగా లేచిన రాతి స్తంభం అది, ముందు ఇసుక తిన్నెలు. తిన్నెల మీద గాలి గీసిన అలలు చెడకుండా ఎక్కణ్ణుంచి నడవాలో గైడే చూపించాడు. మంచి ఫొటోలే వచ్చాయి. వాటిని ఇంకా ప్రింటు చేయలేదు.

ఇక ఇంట్లో పని. రా ఫైల్ తెరవగానే వైట్ బ్యాలెన్స్ (దేన్ని తెలుపుగా లెక్కపెట్టాలో చెప్పే సెట్టింగు) ఆటోలో ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ ఎరుపునంతా లోపమనుకుని కడిగేస్తుంది. డేలైట్‌కి మార్చాలి. ఆ తర్వాత చెయ్యి రంగుల చిక్కదనం పెంచే శాచురేషన్ స్లైడర్ మీదికి పోతుంది, అందరిదీ పోతుంది. ఎరుపు పెంచుతూ పోతే స్క్రీన్ మీద అదిరిపోతుంది. కానీ పెంచేది ఒక్క ఎరుపే కాదు. నీడల్లో ఉన్న ఆ సన్నటి నీలం మీద కూడా నారింజ ఎక్కి కూర్చుంటుంది. నీలం పోయాక పక్కన ఎంత ఎరుపు ఉన్నా కంటికి అది ఎర్రగా అనిపించదు, మొత్తం ఒకే నారింజ తెరలా ఉంటుంది. ఈ ముక్క నాకు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తేగాని పూర్తిగా నమ్మకం కలగలేదు. శాచురేషన్ కొంచెం తగ్గించి, నీడల్లో నీలాన్ని అలాగే ఉంచిన ప్రింటులోనే రాయి ఎక్కువ ఎర్రగా ఉంది. చూసినవాళ్లందరూ దాన్నే "ఇదే బాగా ఎర్రగా ఉంది" అని పట్టుకున్నారు.

మొదటి ప్రింట్లు ఒక ఆన్‌లైన్ ల్యాబ్‌కి పంపాను. వాళ్ల దగ్గర ఆటో కరెక్షన్ అని ఒకటుంది, మనం వద్దనకపోతే దానంతటదే పనిచేస్తుంది. సంధ్యవేళ తీసిన ఫొటోను మధ్యాహ్నం చేసి పంపించారు. వద్దని టిక్ పెట్టి మళ్లీ పంపితే పరవాలేదనిపించింది. అయినా ప్రతి చిన్న మార్పుకీ వారం రోజులు పోస్ట్ కోసం ఎదురుచూడ్డం నావల్ల కాలేదు. 17 అంగుళాల పిగ్మెంట్ ఇంక్ ప్రింటర్ ఒకటి కొన్నాను. ఖర్చు లెక్క చూస్తే ఇది తెలివైన పని కాదు. ఏడాదికి నాలుగు ప్రింట్లు తీసేవాళ్లు ల్యాబ్‌తోనే సరిపెట్టుకోవాలి. ఇంక్ ధర అటుంచి, వాడకపోతే నాజిల్స్, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు, ఎండిపోతాయి. అందులో మాది ఎడారి ఊరు, వేసవిలో గాలిలో తేమే ఉండదు. పొడిగాలికి నాజిల్స్ మూసుకుపోతాయి, కాగితం అంచులు వంకర తిరుగుతాయి. ప్రింటర్ ఉన్న గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 40 శాతం కిందికి పోకుండా చూసుకున్నాకే గొడవ తగ్గింది.

"స్క్రీన్ మీద బాగుంది, ప్రింటు చీకటిగా వచ్చింది" అనేది అందరి ఫిర్యాదూ. ప్రింటర్‌ది తప్పు కాదు. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగును తిప్పి పంపుతుంది, అంతే. మనం స్క్రీన్ వెలుగు దండిగా పెట్టుకుని, దానికి తగ్గట్టు ఫొటోను చీకటి చేసుకుంటాం. స్క్రీన్ వెలుగు చదరపు మీటరుకు 100 క్యాండెలాల (వెలుగు కొలత) దరిదాపుకి దించి, కాలిబ్రేటర్ పెట్టి రంగులు సరిచూసుకుంటే సగం రోగం కుదురుతుంది. మిగతా సగానికి సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది. కాగితం కంపెనీ ఇచ్చే ఐసీసీ ప్రొఫైల్ వేసుకుంటే, ఈ కాగితం మీద ఈ ఇంకుతో ఏ రంగులు రావో స్క్రీన్ మీదే చూపిస్తుంది. నీడ పడ్డ ఫొటోలో ఎండ తగిలిన అంచులన్నీ హెచ్చరిక రంగుతో నిండిపోయాయి. ఆ నారింజ ఏ కాగితం మీదికీ పూర్తిగా రాదు. సూర్యుడు దిగాక తీసిన ఫొటోలో ఒక్క చుక్క హెచ్చరిక లేదు. నీడ కోసం అంత దూరం వెళ్లినవాణ్ణి, గోడకు ఏది వెళ్లాలో ఆ రోజు తేలిపోయింది.

కాగితం ఎంచుకోవడం దగ్గర ఎక్కువ కాలం గడిచింది. హానెమ్యూలె కంపెనీ ఫొటో ర్యాగ్ చదరపు మీటరుకు 308 గ్రాముల కాటన్ కాగితం, మెరుపు లేనిది, అంటే మ్యాట్. దానికెదురుగా అదే కంపెనీది సన్నటి నిగారింపు ఉన్న బరైటా. బరైటా మీద నలుపు కాటుకంత చిక్కగా వస్తుంది. మ్యాట్ కాగితం మీద ఎంత నల్లటి ఇంకు పోసినా ముదురు బూడిద దగ్గరే ఆగుతుంది. పైన చెప్పిన నల్ల చారలు ఇక్కడే పరీక్ష పెట్టాయి. ఫొటోలోంచి ఒక నిలువు ముక్క తీసుకున్నాను. అందులో చారలు, పగుళ్లు, కింద షేల్ వాలు, కాస్త ఆకాశం అన్నీ ఉండేలా. అదే ముక్కను రెండు కాగితాల మీదా, నీడల్ని కొద్దికొద్దిగా తేలిక చేస్తూ, పక్కపక్కనే పట్టీలుగా వేశాను. వాటిని రాత్రి దీపం కింద చూసి నిర్ణయం తీసుకోలేదు, ఆరనిచ్చి మర్నాడు ఉత్తరం కిటికీ పక్కన చూశాను. బరైటా మీద చారలు ఎగిరొచ్చి కంటికి కొట్టాయి, గోడ వెనక్కి పోయింది. మ్యాట్ మీద నీడల్ని ఒక మెట్టు పైకి ఎత్తిన పట్టీలో చారలు గోడలో కలిసిపోయి, రాయి గరుకు బయటికొచ్చింది. కాటన్ కాగితానికి సొంత గరుకుతనం ఉంది కదా, అది ఇసుకరాయికి కలిసొచ్చింది. ఎండ ఫొటో అయితే బరైటానే తీసుకునేవాణ్ణేమో.

అంచుల్ని గట్టిగా చూపించే క్లారిటీ స్లైడర్ జోలికి మాత్రం పోలేదు. స్క్రీన్ మీద రాయికి ప్రాణం పోసినట్టుంటుంది, ప్రింటులో ప్రతి పగులు చుట్టూ తెల్ల అంచు తేలుతుంది. షార్పెనింగ్ కూడా ప్రింటు సైజు నిర్ణయించాకే, ఆ సైజుకి తగ్గట్టు చేయాలి. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా, 6000 పిక్సెళ్లకు 4000. 24 అంగుళాలకు 16 సైజులో వేస్తే అంగుళానికి 250 పిక్సెళ్లు పడతాయి. అంగుళానికి 300 లేకపోతే ప్రింటే వేయకూడదనే వాదన వింటుంటాం. అడుగు దూరంలో నిలబడి చూసినా నాకైతే ఏ లోటూ కనబడలేదు.

కాటన్ కాగితంతో ఒక జాగ్రత్త. దాని మీద సన్నటి నూగు ఉంటుంది. ప్రింటు వేసేటప్పుడు ఆ నూగు మీద ఇంకు పడి, తర్వాత నూగు రాలిపోతే అక్కడ తెల్ల చుక్క మిగులుతుంది. ఆకాశంలో ఒక్క చుక్క పడితే షీటు మొత్తం వృథా. మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కుగా దులిపి, షీటును తలకిందులు చేసి వేలితో తట్టి, అప్పుడు ప్రింటర్‌లో పెడతాను. బయటికొచ్చాక ఒక రోజంతా తెరిచి ఉంచి ఆరనివ్వాలి. ఇంకులోని ద్రవాలు పూర్తిగా ఎగిరిపోకముందే ఫ్రేమ్ కట్టేస్తే అద్దం లోపలివైపు పొగమంచు పట్టినట్టు అవుతుంది.

ఫ్రేమ్‌లో ప్రింటు అద్దానికి తగలకుండా ఆమ్లం లేని మౌంట్ బోర్డు పెట్టించాను. ప్రింటుకు జిగురు పూయలేదు, పై అంచున రెండుచోట్ల కాగితపు టేపుతో వేలాడదీశాను. గాలిలో తేమ మారినప్పుడు కాగితం సాగడానికీ ముడుచుకోవడానికీ వీలుండాలి.

తీరా హాల్లో తగిలిస్తే రాత్రి చూసినప్పుడు ఎరుపు చచ్చిపోయి ఉంది. దీపాల పని అది. మా హాల్లో బల్బులన్నీ 2700 కెల్విన్ పసుపువి. నీడల్లో అంత జాగ్రత్తగా కాపాడుకున్న నీలాన్ని ఆ పసుపు తినేసింది, నీలంతో పాటు ఎరుపూ పోయింది. హాలంతా 4000 కెల్విన్ తెల్ల బల్బులు పెట్టేశాను. ఫొటో లేచి నిలబడింది. మా ఆవిడ మాత్రం రెండో రోజే, "ఏంటండీ ఇది, మెడికల్ షాపులో కూర్చున్నట్టుంది" అని పాత బల్బులన్నీ మళ్లీ పెట్టించింది. ఇప్పుడు ఫొటో మీదికి మాత్రం ఒక్క స్పాట్ లైటు, 4000 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 95 పైనున్నది చూసి బిగించాను. మిగతా హాలు ఆవిడ ఇష్టం.